బల్లచుట్టు కథలాట: అది బ్రతుకుతెరు వగునా?



గడచిన సంక్రాంతికి మా యూరు పోయి యుండఁగా నా బాల్యమిత్రుఁ డొకఁడు నన్ను వెదకికొని వచ్చెను. ఆయనయు నేనును ఒక్క వీధిబడిలో అక్షరములు దిద్దినవారము. ఆయన కుమారుఁడు ముప్పది యేండ్లక్రిందట అమెరికాకుఁ బోయి సియాటిల్ నగరమున స్థిరపడెను. మనుమఁడు అచ్చటనే పుట్టినవాఁడు. కంప్యూటరు విద్య చదివి మంచి కంపెనీలో ఉద్యోగము చేయుచున్నాఁడు. ఇప్పు డాతనికి ఇరువదియాఱేండ్లు నిండినవి.

"వీఁడు ఉద్యోగము మానివేసి ఆటలు వ్రాసి బ్రతికెద ననుచున్నాఁడు. తండ్రి మూఁడు నెలలనుండి వానితో మాటలాడుట లేదు. తాతయ్యా, నీవైన ఆశీర్వదింపు మని వాఁడు ఫోనులో నన్నడిగినాఁడు. ఆట లాడుట యెఱుఁగుదును గాని, ఆటలు వ్రాయుట యేమో నే నెఱుఁగను. తెలియని పనికి ఆశీర్వాద మెట్లు చేయుదును? నీవు నాలుగు పుస్తకములు చదివినవాఁడవు, కనుఁగొని చెప్పరా" అని ఆయన కోరెను. నాకును తెలియదని చెప్పుటకు సిగ్గుపడి, చూచెద నంటిని. అటుపిమ్మట రెండు నెలలు ఆ పనిమీఁదనే యుంటిని. మీలోఁ బలువురి మనుమలును మనుమరాండ్రును ఆ దేశమున నున్నారు. ఈ ప్రశ్న నేఁడు నా మిత్రుని గడప త్రొక్కినది. ఱేపు మీ గడప త్రొక్కవచ్చును. కావున నేను తెలిసికొన్నది మీతోఁ జెప్పికొనుచున్నాను.

ముందుగా ఆ యాట యెట్టిదో చెప్పవలెను. మన యెఱిఁగిన ఆట లన్నియు గెలుపోటముల ఆటలు. పులిజూదములో నొకఁడు పులి, ఒకఁడు మేక. వైకుంఠపాళిలో నొకఁడు నిచ్చెన నెక్కును, ఒకఁడు పాము నోటఁ బడును. ఈ యాట యట్టిది కాదు. నలుగురైదుగురు బల్లచుట్టును కూర్చుందురు. అందొకఁడు కథకుఁడు, తక్కినవారు కథలోని యొక్కొక్క పాత్రను బూనుదురు. హరికథ చెప్పు దాసుగారు హనుమంతుని సముద్రతీరమువఱకుఁ దెచ్చి, చిడత లాపి, మీవంకఁ దిరిగి, "హనుమంతుఁడవు నీవే, ఇప్పు డేమి చేసెదవు?" అని యడిగిన నెట్లుండును? దూఁకెద నని మీ రందురు. దాఁటఁగలరా, లేదా? కథ వ్రాసి పెట్టినది కాదు గనుక ఎవ్వరికిని తెలియదు. అప్పుడు పాచిక వేయుదురు. మీ పాచిక పడినదానినిబట్టి దాసుగారు కథ నందుకొని సాగింతురు. ఈ యాటలో ఎవ్వరును గెలువరు, ఎవ్వరును ఓడరు. కథ సాగినంతకాలము ఆట సాగును. ఒక్కొక్క కథ వారమున కొక పూట చొప్పున ఏండ్ల తరబడి సాగుటయుఁ గలదు.

ఆ పాచికకు ఇరువది ముఖములు. ఒక్కొక్క ముఖము పడుటకు నూటి కయిదుపాళ్లు అవకాశము. పదునొకండుగాని అంతకు మించిగాని పడినచో దాఁటినట్లే యని నియమ మేర్పఱిచిన, సగము సగము. హనుమంతుఁడు బలశాలి గనుక ఆతని పాచికకు నాలుగు కలుపుదు మనిన, నూటికి డెబ్బదిపాళ్లు దాఁటును. ఆ నాలుగు కలుపవలెనా, ఆఱు కలుపవలెనా? దాఁటలేకపోయినచో మునుఁగునా, మైనాకునిపై వ్రాలునా? ఆడువారికి భయమును ఆశయు సమముగా నుండునట్లు ఈ లెక్క లన్నియు ముందుగాఁ గట్టి, కథకునకు ఊళ్లను, మనుష్యులను, చిక్కులను సమకూర్చి, పటములు గీయించి, పుస్తకముగా నచ్చువేయుటయే ఆటలు వ్రాయుట. కొంత గణితము, కొంత కవిత్వము, కొంత న్యాయశాస్త్రము కలసిన విద్య యిది. తేలిక యని నాకుఁ దోఁపలేదు.

ఈ విద్య పుట్టిన కథ వినఁదగినది. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున ప్రష్యా దేశపు సేనాధికారులు బల్లపై పటము పఱచి, కొయ్యముక్కలను సేనలుగా నుంచి, పాచికలతో యుద్ధాభ్యాసము చేసెడివారు. ఆ వినోదము క్రమముగా పౌరుల యిండ్లకు దిగినది. 1969లో అమెరికా మిన్నెసోటా రాష్ట్రమున డేవిడ్ వెస్లీ యను యువకుఁడు, సేనలకు మాఱుగా ఒక్కొక్క యాటగానికి ఒక్కొక్క మనుష్యుని పాత్ర నిచ్చి ఆడించెను. ఆ బల్లదగ్గఱ కూర్చున్నవారిలో డేవ్ ఆర్నెసన్ అనువాఁ డొకఁడు. ఆతఁ డాపద్ధతిని పెంచి మంత్రములు, భూతములు, పాడుపడిన కోటలు గల లోకము నొకదానిని కల్పించెను.

విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్న యూరు కలదు. అచ్చటివాఁడగు గ్యారీ గైగాక్స్ అనునతఁడు ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసెడివాఁడు. 1970లో ఆ యుద్యోగము పోయెను. అయిదుగురు బిడ్డల తండ్రి. ఇంటి నేలమాళిగలో కూర్చుండి చెప్పులు కుట్టి సంసార మీఁదుచు, మిగిలిన ప్రొద్దున ఆటల నియమములు వ్రాసెడివాఁడు. ఆర్నెసన్ తెచ్చిన తలంపును చూచి, ఇద్దఱును కలసి పని చేసిరి. అచ్చువేయుట కెవ్వరును ముందునకు రానందున, 1973లో గైగాక్స్ తన బాల్యస్నేహితుఁడు డాన్ కేతోఁ గలసి చిన్న కంపెనీ పెట్టెను. 1974లో "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేర మూఁడు చిన్న పుస్తకములను పెట్టెలో నుంచి వేయి ప్రతులు వెలువరించిరి. వెల పది డాలర్లు. పెట్టెలు సర్దుట, అంటించుట అన్నియు ఇంటిలోనే. ఆ వేయి ప్రతులును సుమా రొక యేఁడాదిలో చెల్లిపోయినవి. కాని డాన్ కే ఆ భాగ్యమును చూడలేదు. 1975 జనవరిలో ముప్పదియాఱేండ్లకే గుండె యాగి మరణించెను.

ఇంతవఱకు విని, చెప్పులు కుట్టినవాఁడు కోటికిఁ బడగెత్తెను గదా, మనవాఁడును పోవచ్చు ననుకొందురేమో! నా మిత్రుఁడును ఇచ్చటనే "అయితే మంచిదే" యనెను. తరువాతి కథ వినుఁడు. ఆర్నెసన్ ఆ కంపెనీలో 1976లో కొలఁదికాలము పనిచేసి వెడలిపోయెను. తన కీయవలసిన భాగమునకై 1979లో వ్యాజ్యము వేయవలసివచ్చెను. 1981లో రాజీ కుదిరినది. గైగాక్స్ కంపెనీ ఎదిగినకొలఁది వాటాలు చేతులు మాఱినవి; 1985లో ఆతఁడు తాను పెట్టిన కంపెనీపై అధికారమును గోల్పోయి, మఱుసటి యేఁడు వెలుపలికి వచ్చెను. 1996 చివరకు ఆ కంపెనీయే అప్పులలో మునిఁగి, అచ్చుకూటమువారు పని నిలిపివేయఁగా, 1997లో సియాటిల్ ప్రాంతపు "విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్" అను కంపెనీ దానిని కొనెను. ఆ విజార్డ్సును 1999లో హాస్బ్రో అను పెద్ద బొమ్మల కంపెనీ సుమారు 32 కోట్ల 50 లక్షల డాలర్లకుఁ గొనెను. గైగాక్స్ 2008లోను, ఆర్నెసన్ 2009లోను గతించిరి. ఆర్నెసన్ కడపటి యేండ్లలో ఫ్లారిడాలో నొక విద్యాలయమున ఆటల రచన పాఠములు చెప్పి జీవించెను. ఆ యాట మాత్రము 2024లో ఏఁబదియేండ్లు నిండించుకొని, మునుపెన్నఁడు లేనంతమందిచే నాడఁబడుచున్నది.

మఱియొక ముచ్చట. 1980 ప్రాంతములలో అమెరికా తలిదండ్రులలోఁ బెక్కురు ఈ యాటను చూచి దడిసిరి. ఇది పిశాచపూజ యనియు, ఆడిన పిల్లలు మతి చెడి ప్రాణములు తీసికొందు రనియు ప్రచారము జరిగినది, సంఘములు వెలసినవి. పరిశోధించినవారు అట్టి సంబంధ మేమియుఁ గానరా దని తేల్చిరి. నా మిత్రుఁడు మొదట నన్నడిగిన ప్రశ్నలలో ఇదియు నొకటి గనుక చెప్పితిని. ఈ యాటవలన పిల్లవాఁడు చెడుననుట వట్టిమాట. ఈ యాటవలన పిల్లవాని కడుపు నిండునా యన్నదే మాట.

ఆ లెక్క చూతము. నెలజీతము గల యుద్యోగములు ఈ వృత్తిలో మిక్కిలి తక్కువ. పేరుగల కంపెనీలు గూడ పుస్తకములోని వ్రాఁతలో చాలభాగమును బయటివారిచే వ్రాయించుకొందురు. మనయొద్ద మిరపకాయ కోఁతకు కిలో కింత యని కూలి యిచ్చునట్లు, అచ్చట మాట కింత యని యిత్తురు. వాడుకలో నున్న ధర మాటకు 5 సెంట్లు మొదలు 10 సెంట్లవఱకు. కొన్ని చోట్ల తక్కువ, మంచి చోట్ల ఎక్కువ. నడుమ 8 సెంట్లు వేసికొందము. దినమునకు వేయి మాటలు చక్కఁగా దిద్ది యీయఁగల గట్టివాఁడు, ఏఁడాదిలో 250 దినములు పని చేసినచో, రెండు లక్షల యేఁబదివేల మాటలు. దానికి 20 వేల డాలర్లు ముట్టును. రూపాయలలోనికి మార్చికొని సంతసింపకుఁడు. సియాటిల్‌లో ఒక పడకగది గల యింటికి నెలకు రెండువేల డాలర్లకు దగ్గఱగా అద్దె యుండును. ఏఁటికి 24 వేలు. అనఁగా, ఏఁడాది పొడుగున చేయి విఱుగ వ్రాసినను అద్దెకే నాలుగువేలు తక్కువ. ఇందులో తిండి లేదు, బట్ట లేదు. అట్లు స్వతంత్రముగా పని చేయువాఁడు సోషల్ సెక్యూరిటీ, మెడికేరు పన్నులు రెండు వంతులును, అనఁగా 15.3 పాళ్లు, తానే కట్టవలెను. ఉద్యోగి కైనచో అందు సగము యజమాని కట్టును. దినమును పని దొరకునన్న హామీయు లేదు.

వైద్యముమాట వేఱు. ఆ దేశమున పెక్కుమందికి వైద్యపు ఇన్సూరెన్సు ఉద్యోగముతోఁ గూడ వచ్చును. ఉద్యోగముతోఁ గూడ పోవును. 2010 నాఁటి చట్టముచే బిడ్డలు ఇరువదియాఱేండ్లు నిండువఱకు తలిదండ్రుల ఇన్సూరెన్సులో నుండవచ్చును. మనవాని కా గడువు తీఱినది. తండ్రి కోపమున కిదియే అసలు కారణ మని నేను తరువాతఁ దెలిసికొంటిని. ఆయన చిన్నతనమున నా మిత్రుని యింట నొకరికి జబ్బు చేయఁగా రెండెకరముల మాగాణి అమ్మిరి. ఆ పొలము ఆయన కింకను కన్నులకుఁ గట్టినట్లే యున్నది. కొడుకున కాటలు కనఁబడుచున్నవి. తండ్రికి ఆ మాగాణి కనఁబడుచున్నది.

పోనీ, నెలజీతపు టుద్యోగమే దొరకె ననుకొందము. 2023 డిసెంబరులో, క్రిస్మసు పండుగకు ముందు, హాస్బ్రో సుమారు 1,100 మందిని తొలఁగించుచున్నట్లు ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆ యాట ఆధారముగాఁ జేసిన "బాల్డర్స్ గేట్ 3" అను కంప్యూటరు ఆట లోకమంతట మాఱుమ్రోగినది. దానిని చేసినది బెల్జియము దేశపు కంపెనీ; పేరుకై హాస్బ్రోకు రుసుము ముట్టినది. ఇంట ఇంత సంబరము జరుగుచుండఁగా, తొలఁగింపఁబడినవారిలో ఆ యాట పుస్తకములు తయారుచేసిన యనుభవజ్ఞులు గూడ నుండిరి. పంట పండిన యేఁడు పాలికాపును మాన్పించినట్లున్నది.

ఇట్టివే చూచి కాఁబోలు, పాత్‌ఫైండర్ అను మఱియొక యాటను ప్రకటించు పైజో కంపెనీలోని పనివారు 2021 అక్టోబరులో సంఘముగా నేర్పడిరి. ఈ వృత్తిలో నది మొదటి కార్మికసంఘము. కొలఁది దినములలోనే యజమానులు దానిని అంగీకరించిరి. ఇది శుభశకున మని నా యభిప్రాయము.

హక్కుల సంగతి మఱవరాదు. కంపెనీకి కూలికి వ్రాసినది కంపెనీ సొత్తు. వ్రాసినవాని పేరు పుస్తకములో నుండును. పుస్తకము పదిమాఱు లచ్చైనను ఆతనికి మఱల కాసు రాదు. దీని చేఁదు నేనును చవి చూచితిని. నా యిరువదినాలుగవ యేఁట ఒక నాటకసమాజమునకు నాటకము వ్రాసి యిచ్చితిని. యజమాని నూటపదాఱు రూపాయలును ఒక సాలువయు నిచ్చి, కాగితముపై సంతకము చేయించుకొనెను. నేను చదువక సంతకము చేసితిని. సాలువ కప్పినవాని కాగితము చదువుట మర్యాద కాదనుకొంటిని. నాటకము నాలుగు జిల్లాలలో నాడినది. పదేండ్లకు నా పద్యములను నేనే యచ్చువేసికొనఁబోవఁగా, హక్కు మా దని నోటీసు వచ్చినది. సాలువ ఎప్పుడో చిరిగిపోయినది. కాగితము మాత్రము చెక్కుచెదరలేదు. ఆర్నెసన్‌కు వ్యాజ్యములో అండయైనది గూడ కాగితమే. ఆతఁడు అంతకుముందే భాగము వ్రాయించుకొని యుండెను.

ఇన్ని చెప్పినవాఁడను, రెండవవైపు చెప్పకున్న అన్యాయ మగును. గైగాక్స్ నాఁటికిని నేఁటికిని పెద్ద భేద మొకటి కలదు. ఇప్పుడు అచ్చుకూటము లేకయే పుస్తకము నమ్మవచ్చును. ఇంటర్నెట్టులో ఆటపుస్తకముల యంగడులు కలవు. వానిలో పెద్దదగు "డ్రైవ్‌త్రూ ఆర్పీజీ"లో రచయిత తన పుస్తకమును కాగితము లేకుండ నుంచినచో, వెలలో 65 పాళ్లు ఆతనికే ముట్టును. మఱెచ్చటను అమ్మనని మాట యిచ్చినచో 70 పాళ్లు. హక్కు ఆతనియందే నిలుచును. ఉద్యోగము మానకయే, రాత్రిప్రొద్దున నిది చేయవచ్చును. పెక్కురు అట్లే చేయుచున్నారు.

ముందుగా చందాలు కూర్చి పుస్తకము వేయు పద్ధతియు నున్నది. ఇది మనకుఁ గ్రొత్త గాదు. 1906లో వెలసిన మన విజ్ఞానచంద్రికా మండలివారు చందాదారుల యండతో నెన్ని మంచి గ్రంథములు వెలువరించిరో పెద్ద లెఱుఁగుదురు. అచ్చట "కిక్‌స్టార్టర్" అను కంపెనీ ద్వారమున ఈ చందాలు వసూలగును. 2021లో "అవతార్ లెజెండ్స్" అను ఆటకు 81 వేలమందికి పైగా చందాదారులు చేరి, 95 లక్షల డాలర్లు సమకూర్చిరి. ఈ యంకెను పిల్లలు గోడమీఁద వ్రాసికొందురు. కాని అది లాభ మనుకొనరాదు. కాగితము, అచ్చు, చిత్రములు, పెట్టెలు, ఓడ, తపాలా అన్నియు అందులోనుండియే. అదిగాక, ఆ యాటకు ముందే లోకప్రసిద్ధమైన బొమ్మలకథ యొకటి ఆధారముగా నుండినది. 2025 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము చైనా సరకుపై 145 పాళ్లవఱకు సుంకము పెంచినప్పుడు, చందాలు ముందే పుచ్చుకొని పాచికలు, బొమ్మలు, పెట్టెలు చైనాలోఁ జేయించుచున్న చిన్న కంపెనీలు గిలగిలలాడినవి. తరువాతి నెలలో సుంకము తగ్గించిరి గాని, నడుమ ఓడలోనున్న సరకునకు బాధ్యుఁ డెవఁడు?

మనవారి కచ్చట తావు కలదా యని మీరడుగవచ్చును. కలదు. 2022లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌వారు వేర్వేఱు దేశముల మూలము గల రచయితలచే కథలు వ్రాయించి యొక సంపుటము ప్రకటించిరి. అందు బెంగాలు దేశపు వాసనతో నొక కథ కలదు. దానిని వ్రాసినది కలకత్తాలో పుట్టిన మిమి మొండాల్ అను రచయిత్రి. మన హైదరాబాదులోను బెంగుళూరులోను ఈ యాట నాడు యువకులు గలరు. తెలుగు పల్లె, తెలుగు జాతర, తెలుగు చెఱువు ఆ బల్లమీఁద ఇంకను సరిగా పఱవఁబడలేదు. ఇది లోటే, లోటున్నచోట పని యుండును గదా.

ఇంకొక మాట, వీసాలమీఁద నున్నవారి తలిదండ్రులకు. నా మిత్రుని మనుమఁడు ఆ దేశపు పౌరుఁడు; తప్పినను అచ్చట నిలువఁగలఁడు. వానితోఁ గలసి యాడు నేస్తుఁ డొకఁడు మన గుంటూరుసీమనుండి హెచ్-1బి వీసాపైఁ బోయినవాఁడు. ఆతనికిని ఇదే కోరిక. ఆ వీసా ఉద్యోగ మిచ్చిన యజమానికి కట్టుపడినది. పని వదలినవానికి సాధారణముగా 60 దినముల గడువు. ఆలోపల వేఱొక యజమాని దొరకవలెను, లేదా వేఱు ఏర్పాటు చూచుకొనవలెను. మాటకింత యని పలువురికి స్వతంత్రముగా వ్రాయుటకు ఆ వీసా యొప్పదు. అట్టివాఁడు వకీలు నడుగక ఒక్క డాలరైనను పుచ్చుకొనరాదు. మీ బిడ్డ లెవరైన నీ దారిఁ బోవఁదలఁచిన, కోపపడుటకు ముందు ఈ మాట చెప్పుఁడు.

ఇవన్నియు నా మిత్రునకుఁ జెప్పి, నా తలంపును గూడఁ జెప్పితిని. వల దని చెప్పకుము. వెంటనే మానుమనియుఁ జెప్పకుము. మొదట ఒక్క చిన్న పుస్తకము పూర్తిచేయు మనుము. ఆరంభించినవారు అసంఖ్యాకులు, ముగించినవారు కొలఁదిమంది. ముగించినదానిని ఎఱుఁగనివారు డబ్బిచ్చి కొందురేమో చూడుమనుము. ఇంట నేఁడాది తిండికి, వైద్యపు ఇన్సూరెన్సునకు నిలువ చేయుమనుము. ఎవరిచ్చిన కాగితమైనను చదివి సంతకము చేయుమనుము. అటుపిమ్మటను వాని మన స్సచ్చటనే యున్నచో, ఆశీర్వదింపుము. తండ్రికి కోపమైనను సరే. ఇది నా యభిప్రాయము. మీలో కొందఱకు మెత్తదనముగాఁ దోఁచును. కాని బిడ్డ యేఁబదవ యేఁట "నన్నాపితివి" యని తలంచుకొనుట కన్న, ఇరువదియెనిమిదవ యేఁట లెక్క తప్పి మఱల కంప్యూటరు కొలువునకుఁ జేరుట మేలని నే ననుకొందును. కంప్యూటరు కొలువులలోను స్థిర మేమున్నది? 2023లో నా పెద్ద కంపెనీలు తొలఁగించినవారి లెక్క ఈ యాటలవారి లెక్కకు ఎన్ని రెట్లో మీరు పత్రికలలోఁ జదివియే యుందురు.

మనుమఁడు ఈ మాటలు విని నవ్వి, "తాతయ్యా, పుస్తకము సగమైనది" అనెనఁట. అదియేమో చూడవలెనని మాకు కుతూహలము గలిగినది. ఒక యాదివారము ప్రొద్దున, అచ్చట శనివారము రాత్రి, ఫోనులోనే బొమ్మ కనఁబడునట్లు చేసి మమ్మిద్దఱను ఆటలోఁ గూర్చుండఁబెట్టినాఁడు. కథ యొక చిత్తూరుసీమ పల్లె. నడిరేయి వాన. చెఱువు నిండి కట్ట జాఱుచున్నది. అలుఁగు పూడిపోయినది. తూము తెఱచినచో పల్లపుచేలు మునుఁగును. తెఱవకున్న కట్ట తెగి యూరే మునుఁగును. నాకు కరణపుపని యిచ్చినాఁడు. గుంటూరు పిల్లవాఁడు కమ్మరి. తాతను నీరుగంటిగాఁ జేసినాఁడు. చిన్నతనమున చెఱువుకట్టపై తనకు తాత చెప్పిన ముచ్చటలనే వాఁడు ఇంత చేసినాఁడని మా కప్పటికిఁ దెలిసినది.

"నీరుగంటివి నీవు. తూముమీఁద నిలుచున్నావు. ఏమి చేసెదవు?" అని మనుమఁడు అడిగెను.

నా మిత్రుఁడు చాలసేపు మాటలాడలేదు. లైను తెగినదేమో యని నేను ఫోనువంక చూచితిని. అంతట ఆయన గొంతు సవరించుకొని, "మొదట పల్లపుచేల వాండ్లను లేపవలె. వాండ్ల గొడ్లు చేలగట్టున కట్టి యుండును. తూము తరువాత" అనెను. మనుమఁడు పాచిక వేయు మనెను. మాయొద్ద ఇరువది ముఖముల పాచిక లేదు. వాఁడే అచ్చటనుండి వేసెను. నాలుగు పడినది. నీరుగంటికి వాన చప్పుడులో గొంతు వినఁబడలేదని చెప్పెను. నా మిత్రుఁడు మంచముమీఁదనుండి లేచి నిలుచుండి, "అయితే తప్పెట కొట్టుదును. నీరుగంటి దగ్గఱ తప్పెట లేకుండునా? అది వ్రాసికోలేదా నీవు?" అని కేక వేసెను. అవతల కాగితముపై కలము గీఁకుచున్న చప్పుడు మాకు వినఁబడెను.

ఆ రాత్రి ఊరు నిలిచినది; రెండు చేలు మునిఁగినవి. మనుమఁడు ఉగాదివఱకు ఉద్యోగమున నుండుటకును, ఆలోపల పుస్తకము ముగించుటకును ఒప్పుకొన్నాఁడు. తండ్రి యింకను మాటలాడుట లేదు. వచ్చు ఆదివారము మఱల ఆట యున్నది. మునిఁగిన చేలవారికి పరిహార మెవ్వ రీయవలెనో కరణము తేల్చవలెనఁట. కరణమును నేను గనుక, పాత చెఱువు లెక్కలు కొన్ని చూచుకొనవలసి యున్నది.

సెలవు.